వైద్యుని జీతము, ఇంజనీరు జీతము

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేయబడిన ఉపన్యాసపు పాఠము)



పదవ తరగతి పరీక్షాఫలితములు వెలువడిన వారములో పల్లెటూరి గ్రంథాలయమునకు వచ్చువారి తీరు మారును. వార్తాపత్రికలో వానలను, ధరలను చూచుకొని పోవు రైతులు ఆ వారము కళాశాలల ప్రకటనలను తిరుగవేయుదురు. పక్కన కుమారుడో కుమార్తెయో నిలిచియుందురు. అందరి నోట ఒక్కటే ప్రశ్న: బై.పి.సి.లో చేర్పింపవలెనా, యం.పి.సి.లో చేర్పింపవలెనా? దాని వెనుక మరియొక ప్రశ్న దాగియున్నది: డాక్టరునకు జీతమెక్కువా, ఇంజనీరునకు జీతమెక్కువా?

ఈ ప్రశ్నను తేలికగా తీసిపారవేయుట తగదు. డబ్బు కొఱకు చదువా అని ఈసడించుట కడుపు నిండినవారికి సులభము. నాలుగెకరముల భూమి, అందులో రెండెకరములు కాలువ క్రింద, రెండెకరములు మెట్ట గల రైతు తన బిడ్డ చదువునకు పొలమును తాకట్టు పెట్టవలసియున్నప్పుడు, ఆ చదువు ఎన్ని సంవత్సరములకు ఎంత తిరిగి తెచ్చునో అడుగుట అతని ధర్మము. విత్తనము కొనునప్పుడు దిగుబడిని అడుగని రైతు ఉన్నాడా? అయితే ప్రశ్న సరిగా అడిగిననే సమాధానము సరిగా వచ్చును. జీతమెంత అని మాత్రమే అడిగినవానికి సగము సమాధానమే దొరకును. ఏ వయస్సున, ఎంత ఖర్చు పెట్టిన పిదప, ఎంత నిశ్చయముగా అని కూడ అడుగవలెను.

మొదట ప్రభుత్వ కొలువును చూతము. అక్కడి జీతములు కాగితముపై అచ్చుపడి యుండును గనుక వాదమునకు తావు లేదు.

కేంద్రప్రభుత్వములో ఏడవ వేతన సంఘపు సిఫారసులు 2016 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చినవి. యూనియన్ పబ్లిక్ సర్వీస్ కమిషన్ నడపు ఇంజనీరింగ్ సర్వీసు పరీక్షలో నెగ్గిన ఇంజనీరును, అదే కమిషన్ నడపు వైద్య సర్వీసు పరీక్షలో నెగ్గిన డాక్టరును ఆ సంఘము ఒకే మెట్టుపై నిలిపినది. పదవ లెవెలు, ఆరంభ మూల వేతనము 56,100 రూపాయలు. కరువు భత్యము శాతము ఇద్దరికిని ఒక్కటే. భేదము ఒక్కచోట వచ్చును. ప్రభుత్వ వైద్యుడు బయట వైద్యము చేసి డబ్బు తీసికొనరాదను నియమమునకు బదులుగా అతనికి మూల వేతనములో నూటికి 20 వంతు ప్రత్యేక భత్యము కలదు. 56,100పై అది 11,220 రూపాయలు. అనగా ఇంజనీరు 56,100తో ఆరంభించిన చోట డాక్టరు 67,320తో ఆరంభించును. అంతేగాక, ఖాళీలతో నిమిత్తము లేకుండ కాలము గడచినకొలది పైమెట్టుకు చేర్చు పదోన్నతి పద్ధతి కేంద్ర వైద్యులకు ఏర్పరుపబడినది. దాని ప్రకారము 20 సంవత్సరముల సేవకు వైద్యుడు పదునాలుగవ లెవెలు, అనగా 1,44,200 మూల వేతనము గల మెట్టును అందుకొనగలడు.

రాష్ట్రప్రభుత్వముల సంగతి. తెలంగాణములో 2022లో వెలువడిన ప్రకటనలలో అసిస్టెంటు ఎగ్జిక్యూటివ్ ఇంజనీరునకు 54,220 నుండి 1,33,630 వరకును, సివిల్ అసిస్టెంటు సర్జనునకు 58,850 నుండి 1,37,050 వరకును స్కేలు చూపబడినది. ఆరంభములో తేడా 4,630 రూపాయలు. చివరి మెట్టున 3,420. ఆంధ్రప్రదేశములో 2022 వేతన సవరణ ప్రకారము సివిల్ అసిస్టెంటు సర్జను స్కేలు 61,960 నుండి 1,51,370 వరకు. డిప్యూటీ కలెక్టరు స్కేలు కూడ అదే.

ఈ అంకెలనుబట్టి తేలునదేమి? ప్రభుత్వ కొలువులో డాక్టరునకు కొంత ఎక్కువయే గాని, పొలము అమ్మదగినంత ఎక్కువ కాదు. నెలకు నాలుగైదు వేల తేడా కొఱకు ఎవరును తమ బిడ్డ బుద్ధికి పొసగని చదువును ఎన్నుకొనరాదు.

ఇక రెండవ లెక్క, వయస్సు. ఇంజనీరింగ్ పట్టమునకు నాలుగు సంవత్సరములు. పదునెనిమిదవ ఏట చేరినవాడు ఇరువది రెండవ ఏట జీతము తెచ్చును. యం.బి.బి.యస్. చదువు నాలుగున్నర సంవత్సరములు, ఆపైన ఒక సంవత్సరము ఆసుపత్రిలో తప్పనిసరి శిక్షణ, వెరసి అయిదున్నర. ఈ కాలమున యం.బి.బి.యస్. మాత్రము చదివిన వైద్యునికి పట్టణములో గిరాకి తక్కువ. జ్వరమునకు వచ్చు రోగి కూడ యం.డి. పలకను వెదకుచున్నాడు. కావున పి.జి. చదువు మూడు సంవత్సరములు తప్పనట్లయినది. గుండెకో మెదడుకో ప్రత్యేక వైద్యుడు కాగోరిన మరి మూడు సంవత్సరములు. మధ్యమధ్య ప్రవేశపరీక్షకు కూర్చుండి పోవు సంవత్సరములు వేరు. ఏ అడ్డును లేకుండ నడచినను యం.డి. చేతికి వచ్చునప్పటికి ఇరువది ఏడు నిండును. గుండె వైద్యుడు తన పేర పలక కట్టునప్పటికి ముప్పది దాటును. అప్పటికి అతనితో పదవ తరగతి చదివిన ఇంజనీరు ఇల్లు కట్టుకొని యుండవచ్చును.

ఒక ఉదాహరణము వేసికొందము. ఇది ఊహించిన లెక్కయే గాని ఎవరి ఇంటి లెక్కయు కాదు. ఒక ఇంట కవలలు. అన్న ఇంజనీరింగ్ ముగించి ఇరువది రెండవ ఏట నెలకు 30,000 రూపాయల కొలువున చేరి, ఏటేట నూటికి ఎనిమిది వంతున పెరిగెననుకొందము. అయిదు సంవత్సరములలో అతడు సంపాదించునది సుమారు 21 లక్షలు. అయిదేండ్ల పిమ్మట అతని నెలజీతము దాదాపు 44,000. చెల్లెలు వైద్యము చదివి, శిక్షణకాలపు భత్యములతో తన ఖర్చులు తాను గడుపుకొని, ఇరువది ఏడవ ఏట యం.డి. పట్టముతో నెలకు లక్ష రూపాయల కొలువున చేరెననుకొందము. ఆనాటినుండి ఆమె అన్నకంటె నెలకు 56,000, సంవత్సరమునకు 6 లక్షల 72 వేలు ఎక్కువగా తెచ్చును. వెనుకబడిన 21 లక్షలను మూడేండ్ల పైచిలుకులో పూడ్చుకొనును. ముప్పది ఒకటవ ఏట అన్నను దాటిపోవును. ఆ పిమ్మట ఆమెదే పైచేయి.

ఈ లెక్క విన్నవారికి వైద్యమే మేలను తలంపు కలుగవచ్చును. కాని ఇందులో ఒక మాట చేర్చబడలేదు. ఆ చెల్లెలు సీటును ఏ వెలకు తెచ్చుకొన్నది?

మూడవ లెక్క ఇది. ఇందులోనే కుటుంబములు లేచుటయు కూలుటయు కలదు. నంద్యాలలో ప్రభుత్వ వైద్య కళాశాల 2023లో ఆరంభమైనది. ఆ సంవత్సరము కొత్తగా తెరువబడిన అయిదు ప్రభుత్వ కళాశాలలలో అది యొకటి. ఆనాడు ప్రకటించిన శుల్కముల ప్రకారము సాధారణ కోటా సీటుకు ఏటికి 15,000 రూపాయలు. సొంత ఖర్చు కోటా సీటుకు 12 లక్షలు. ప్రవాస భారతీయుల కోటా సీటుకు 20 లక్షలు. ఒకే తరగతి గది, ఒకే ఆచార్యుడు, శరీరనిర్మాణము నేర్చుటకు ఒకే బల్ల. ఆ బల్ల చుట్టు నిలిచిన విద్యార్థులలో ఒకరు 15,000 కట్టినవారు, పక్కవారు 12 లక్షలు కట్టినవారు. రేపు ఇద్దరికిని ప్రభుత్వము ఇచ్చు జీతము ఒక్కటే.

నాలుగున్నర సంవత్సరములకు లెక్కవేసినను 12 లక్షల వంతున 54 లక్షలగును. హాస్టలు, పుస్తకములు వేరు. ఈ 54 లక్షలను నూటికి ఏడు వంతున వడ్డీ వచ్చు చోట దాచిన సంవత్సరమునకు 3 లక్షల 78 వేలు, నెలకు 31,500 రూపాయలు వచ్చును. కావున ఆ సీటులో చదివిన వైద్యుడు ప్రభుత్వ కొలువున చేరిన, అతని 61,960 మూల వేతనములో 31,500 ఆ డబ్బుకు వడ్డీ క్రింద పోవును. మిగులునది 30,460. అసలు తీరదు. కన్వీనరు సీటులో ఇంజనీరింగ్ చదివిన అన్నగారి మొదటి జీతము 30,000 అని ఇంతకుముందు అనుకొన్నాము. రెండింటికిని తేడా ఎక్కడ?

పై ఉదాహరణములోని చెల్లెలు ఈ వెల పెట్టియుండినయెడల, వెనుకబడిన 21 లక్షలకు 54 లక్షలు కలిపి 75 లక్షలను పూడ్చుకొనవలెను. వడ్డీ విడిచిపెట్టినను పదకొండు సంవత్సరములు దాటును. ఆమె అన్నను అందుకొనునప్పటికి ముప్పది ఎనిమిది నిండును. పి.జి. సీటు కూడ కొనవలసివచ్చిన ఆ లెక్క ఎంతవరకు పోవునో ఎవరికి వారు వేసికొనవచ్చును. ర్యాంకుతో సీటు వచ్చినవారికి వైద్యము మంచి పంట. సీటు కొనుక్కొన్నవారికి అది కౌలు పొలము. ఎంత పండినను కౌలు పోగా మిగిలినదే తనది.

ర్యాంకు మాత్రము సులభమా? 2024లో నీట్ పరీక్షకు దేశమందు 24 లక్షలకు పైగా విద్యార్థులు పేర్లు నమోదు చేసికొన్నారు. ప్రభుత్వ, ప్రైవేటు కళాశాలల యం.బి.బి.యస్. సీట్లన్నియు కలిపిన లక్షకు కొంచెము పైన. ఇంటర్మీడియట్ తరువాత లాంగ్ టర్మ్ పేరున రెండేండ్లు, మూడేండ్లు గదులలో మూతపడి చదువు పిల్లలు ప్రతి పట్టణమునను ఉన్నారు. ఆ సంవత్సరములకు కూడ వెల కలదు. ఆ పిల్లల మనస్సునకు కలుగు క్షోభకు వెల కట్టువాడు లేడు.

ఈ ఒత్తిడికి తాళలేక కొందరు విదేశములకు పంపుచున్నారు. అక్కడ శుల్కము తక్కువయే. కాని అట్లు చదివివచ్చినవారు 2002 నుండి అమలులో నున్న అర్హతపరీక్షలో నెగ్గవలెను. పలు పర్యాయములు ఆ పరీక్షలో నూటికి డెబ్బది మందికి పైగా తప్పినారు. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిను యుద్ధము మొదలైనప్పుడు అక్కడ చదువుచున్న మన విద్యార్థులు వేలమంది పుస్తకములను, గదులను విడిచి ప్రాణములతో ఇండ్లకు చేరవలసివచ్చినది. దూరపు కొండలు నునుపు అను సామెత ఇక్కడ కూడ గుర్తుంచుకొనదగినది.

వైద్యపు లెక్క ఇట్లుండగా ఇంజనీరింగ్ లెక్కలో చిక్కులు లేవని అనుకొనరాదు. వైద్యమునకు ప్రవేశద్వారము ఇఱుకు, లోపల చోటు విశాలము. ఇంజనీరింగ్‌కు ప్రవేశద్వారము విశాలము, లోపల ఇఱుకు. అనంతపురములో ప్రభుత్వ ఇంజనీరింగ్ కళాశాల ఏర్పడిన 1946 ప్రాంతమున రాయలసీమలో ఇంజనీరింగ్ చదువు వ్రేళ్లపై లెక్కింపదగినవారికి మాత్రమే దక్కెడిది. కర్నూలులో 1985లోను, నంద్యాలలో 1995లోను ప్రైవేటు కళాశాలలు ఏర్పడినవి. ఆ పిమ్మట పెరుగుదల వేగమందుకొన్నది. 2008లో శుల్కములను ప్రభుత్వము తిరిగి చెల్లించు పథకము వచ్చినది. 2010 ప్రాంతమునకు ఉమ్మడి రాష్ట్రమున సుమారు ఏడువందల ఇంజనీరింగ్ కళాశాలలు వెలసినవి. కూలివాని కుమారుడు కూడ ఇంజనీరు కాగలిగినాడు. అది గొప్ప మేలు. అయితే పట్టము దొరకినంత సులభముగా పని దొరకలేదు. తరువాతి సంవత్సరములలో అనేక కళాశాలలు విద్యార్థులు లేక మూతపడినవి.

సాఫ్ట్‌వేర్ కొలువుల సంగతి అందరికిని తెలిసినదే. పెద్ద సంస్థలు కళాశాలలకు వచ్చి మూకుమ్మడిగా ఎన్నుకొను పిల్లలకు ఇచ్చు ఆరంభ జీతము సంవత్సరమునకు 3 నుండి 4 లక్షల నడుమ పది పదిహేనేండ్లుగా నిలిచిపోయినది. బియ్యము ధర పెరిగినది, గది అద్దె పెరిగినది, ఆ జీతము మాత్రము పెరుగలేదు. అదే చదువు చదివి, పనిలో నేర్పు గడించి, ముప్పది ఏండ్లకే సంవత్సరమునకు 20 లక్షలు, 30 లక్షలు తెచ్చువారు కూడ ఉన్నారు. ఒకే కళాశాల, ఒకే తరగతి, ఇద్దరి నడుమ పదింతల తేడా. వైద్యులలో ఇంత తేడా అంత తొందరగా కనబడదు. ఇంజనీరు సగటు జీతము అను మాటను నమ్మి నడచువాడు, సగటు లోతు మోకాలి బంటి అని విని ఏటిలో దిగినవానివంటివాడు.

అంతేగాక ఇంజనీరు కొలువు దేశపు ఆర్థికస్థితితో పాటు లేచి పడుచుండును. 1965, 1966 సంవత్సరములలో కరువు వచ్చి, ప్రభుత్వపు పెట్టుబడులు తగ్గి, పరిశ్రమలు మందగించినప్పుడు దేశములో వేలకొలది ఇంజనీర్లు పనిలేక నిలిచిరి. 1968లో కళాశాలల ప్రవేశములను తగ్గించవలసివచ్చినది. 2001లో అమెరికా సాఫ్ట్‌వేర్ మాంద్యము, 2008లో బ్యాంకుల పతనము, 2022, 2023లలో పెద్ద సంస్థల ఉద్యోగ విరమణలు అదే పాఠమును మరల చెప్పినవి. రోగములకు మాంద్యము లేదు గనుక వైద్యునికి ఈ భయము తక్కువ. అందుచేత ఇంజనీరు జీతమును చూచునప్పుడు దాని మొత్తమును మాత్రమే గాక నిలుకడను కూడ చూడవలెను. వర్షాధారపు మెట్టకును, కాలువ క్రింది మాగాణికిని దిగుబడి ఒకే ఏట సమానము కావచ్చును. రైతు రెంటికిని ఒకే ధర పెట్టునా?

విదేశముల మాట. అమెరికా కార్మికశాఖ లెక్కల ప్రకారము 2023 మేలో వైద్యుల నడిమి వార్షిక ఆదాయము 2,39,200 డాలర్లు లేక అంతకు మించినది. సాఫ్ట్‌వేర్ ఇంజనీరునకు 1,32,270 డాలర్లు. వంతెనలు, కాలువలు కట్టు సివిల్ ఇంజనీరునకు 95,890 డాలర్లు. అక్కడ తేడా పెద్దదే. కాని ఇక్కడ యం.బి.బి.యస్. ముగించినవాడు అక్కడ వైద్యము చేయవలెనన్న వారి పరీక్షలన్నియు మొదటినుండి వ్రాసి, మూడు నుండి ఏడు సంవత్సరములు ఆసుపత్రిలో తక్కువ జీతముపై శిక్షణ పొందవలెను. ఇంజనీరు రెండేండ్ల యం.యస్. చదువుతో కొలువున చేరవచ్చును. కాని ఆ చదువునకు తెచ్చిన అప్పు, వీసా దొరకునో లేదో అను బెంగ అతని వెంట నుండును.

ఈ లెక్కల నడుమ ఒక దురాచారమును గూర్చి చెప్పక తప్పదు. 1961లో వరకట్న నిషేధ చట్టము వచ్చినది. అయినను డాక్టరు వరునికి ఇంత, ఇంజనీరు వరునికి ఇంత, అమెరికా వరునికి ఇంత అని సంతలో పశువులకు వలె ధరలు పలుకుచున్నవి. కుమారుని సీటుకు పెట్టిన 54 లక్షలను కోడలి తండ్రి వద్ద వసూలు చేయవచ్చునను ధైర్యముతో పొలములమ్మువారు లేకపోలేదు. అనగా ఒక రైతు తన తప్పు లెక్కకు మరియొక రైతు పొలమును పూచీగా పెట్టుచున్నాడు. ఆడపిల్ల చదువునకు వెనుకాడి, ఆమె పెండ్లికి అప్పు తెచ్చువాడు రెండు విధముల నష్టపోవును. చదివిన కుమార్తె తెచ్చు జీతము ఏ కట్నమునకును తీసిపోదు.

జీతము చదువునకు ఫలమే గాని, చదివినవాని విలువకు కొలత కాదు. దీనికి సాక్ష్యము కొఱకు దూరము పోనక్కరలేదు. నల్లమలకు ఆవల గిద్దలూరు ప్రాంతమున మోక్షగుండము అను గ్రామము కలదు. విశ్వేశ్వరయ్య గారి పూర్వులు ఆ యూరివారు. ఆయన బొంబాయి రాష్ట్రములో అసిస్టెంటు ఇంజనీరుగా చేరి, పెద్ద జీతము, పెద్ద హోదా గల దశలో 1908లో ఆ కొలువును విడిచిపెట్టెను. ఆ సంవత్సరమే మూసీ వరదలు హైదరాబాదును ముంచివేసినవి. ఆ నగరమునకు వరదల బెడద తీర్చు పథకమును ఆయన సిద్ధపరచెను. 1955లో భారతరత్న బిరుదము ఆయనను వరించెను. వైద్యములో యల్లాప్రగడ సుబ్బారావు గారు. మద్రాసు వైద్య కళాశాలలో చదివి 1923లో అమెరికా చేరిన ఆ వైద్యుడు, పొట్ట గడుపుకొనుటకు ఆసుపత్రిలో రాత్రివేళ సేవకుని పని చేసెను. ఆయన నడిపిన పరిశోధనల నుండి వెలువడిన మందులు కోట్లమంది ప్రాణములు నిలిపినవి. నాటి ఆయన కూలిని చూచి ఆయన చదువు వ్యర్థమని ఎవరైన అనగలరా?

పాములపాడు ప్రాంతమునకు ఈ రెండు వృత్తులును ఏమి చేసినవో కంటికి కనబడుచునే యున్నది. తుంగభద్రపై సుంకేసుల నుండి కడప వైపు పారు కె.సి. కాలువను 1863లో ఒక కంపెనీ మొదలుపెట్టినది. పిమ్మట 1882లో ప్రభుత్వము దానిని కొన్నది. పాములపాడు మండలములోనే బనకచెర్ల కలదు. శ్రీశైలపు కృష్ణాజలములు పోతిరెడ్డిపాడు గుండా అక్కడికి వచ్చి, తెలుగుగంగకును, శ్రీశైలము కుడి బ్రాంచి కాలువకును, కె.సి. కాలువకును పంపకమగును. తెలుగుగంగ నీరు 1996లో మద్రాసు నగరమును చేరినది. ఆ తూములను గీసిన ఇంజనీర్ల జీతమెంతయో నేడెవరికిని జ్ఞాపకము లేదు. నీరు మాత్రము పారుచున్నది.

వైద్యుని సంగతి వేరు. మైదాన ప్రాంతమున 30,000 జనాభాకు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రము ఉండవలెనని ప్రభుత్వపు ప్రమాణము. కట్టడము కట్టుట సులభము. అందులో రాత్రివేళ నిలుచు వైద్యుని తెచ్చుట కష్టము. 54 లక్షలు పెట్టి చదివినవాడు పల్లెలో ఎట్లు నిలుచును? అతడు కోరినను అతని అప్పు నిలువనీయదు. కావున సీటు వెల పెరిగినకొలది పల్లెకు వైద్యుడు దూరమగుచున్నాడు. పాము కరచిన కూలివానిని, పురిటినొప్పుల ఇల్లాలిని ఆత్మకూరుకో నంద్యాలకో కర్నూలుకో తరలించునప్పుడు దారిలో గడచు ప్రతి నిమిషమును ఈ లెక్కలోని భాగమే. ఇంజనీరు ఒక పర్యాయము వచ్చి కట్టి పోవచ్చును. వైద్యుడు ఊరిలో ఉండవలెను. ర్యాంకుతో, తక్కువ శుల్కముతో చదివిన పల్లె బిడ్డ మాత్రమే అట్లు ఉండగల స్వేచ్ఛ గలవాడు. ప్రభుత్వ వైద్యులుగా పల్లెలలో పనిచేసినవారికి పి.జి. సీట్లలో కొంత కోటా ఉండుట కూడ అట్టివారు గుర్తింపదగిన అవకాశము.

ఇక తేల్చవలసిన మాట. ఏది మేలని అడుగు తండ్రికి ఒక్క మాటలో సమాధానము లేదు గాని, వరుసగా వేసికొనదగిన ప్రశ్నలు కలవు. మొదటిది, బిడ్డకు ఏ చదువుపై మనసు కలదు? నెత్తురు చూచి బెదరువానిని డాక్టరుగా, లెక్కలు చూచి బెదరువానిని ఇంజనీరుగా చేయబోవుట ఎద్దును చెట్టెక్కింపబూనుటయే. రెండవది, ర్యాంకుతో సీటు వచ్చునా? వచ్చిన, వైద్యమునకు నిస్సంకోచముగా పంపవచ్చును. ఆలస్యముగానైనను అది నిలుకడగల జీవనము. మూడవది, రాని పక్షమున భూమి అమ్మవలసివచ్చునా? వచ్చిన, 54 లక్షలకు నెల వడ్డీ ఎంతయో కాగితముపై వేసి, ఇంటిల్లిపాదికిని చూపిన తరువాతనే దస్తావేజుపై చేవ్రాలు చేయవలెను. నాలుగవది, ఇంజనీరింగ్ అయిన ఏ కళాశాల, ఏ శాఖ, అక్కడినుండి వెళ్లినవారు ఏమి చేయుచున్నారు? కళాశాల గోడపై అంటించిన కాగితమును గాక, అక్కడ చదివిన ఊరి పిల్లలను అడుగవలెను. అయిదవది, ఇల్లు ఎన్ని సంవత్సరములు ఆ బిడ్డ జీతము లేకుండ గడువగలదు? వెనుక పెండ్లీడు చెల్లెలు, మంచమున ముసలి తండ్రి ఉన్న ఇంటికి ఇరువది రెండవ ఏట వచ్చు 30,000 రూపాయలు, ముప్పదవ ఏట వచ్చు లక్షకంటె విలువైనవి కావచ్చును.

ఈ రెండే చదువులా లోకమున నున్నవి అని కూడ అడుగవలెను. నర్సింగు, ఫార్మసీ, వ్యవసాయ శాస్త్రము, పశువైద్యము, ఉపాధ్యాయవృత్తి, ఐ.టి.ఐ., పాలిటెక్నికు — వీని పేర్లు చెప్పుటకు సిగ్గుపడు తల్లిదండ్రులు కలరు. పశువైద్యుడు లేక గేదె చచ్చిన ఇంటివారికి ఆ చదువు విలువ తెలియును.

ఇందులో గ్రంథాలయము చేయదగిన పని కలదు. కర్నూలులో పుట్టిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు గ్రంథాలయోద్యమమునకును వయోజన విద్యకును జీవితమును ధారపోసినది, చదువురాని రైతు కూడ లోకపు లెక్కలు తెలిసికొని మోసపోకుండుటకే గదా. ప్రవేశపరీక్షల ప్రకటనలు, గత సంవత్సరపు ర్యాంకులు, కళాశాలల శుల్కములు, సర్వీసు కమిషను వేతన స్కేళ్లు ఒక పుస్తకములో అంటించి బల్లపై నుంచిన, అది ఏ నవలకును తీసిపోని పఠనము. ఊరినుండి వెళ్లి డాక్టర్లు, ఇంజనీర్లు అయినవారు పండుగకు వచ్చినప్పుడు ఒక సాయంకాలము ఇక్కడ కూర్చుండి, తమ అసలు జీతము, అసలు అప్పు, అసలు కష్టము పిల్లలకు దాపరికము లేకుండ చెప్పిన, ఏ దళారి మాటలకును ఈ ఊరిలో తావుండదు.

ఇరువది అయిదేండ్లలో ఈ గ్రంథాలయపు బల్లలపై చదివిన బిడ్డలెందరో వేరువేరు దారుల పోయినారు. రానున్న ఇరువది అయిదేండ్లలో చదువబోవు బిడ్డలు ఏ దారిని పోయినను, లెక్క తెలిసి పోవుదురు గాక. వారిలో ఒక్కరైనను తెల్లకోటుతోనో, కాలువ గట్టు కొలుచు గొలుసుతోనో ఈ ఊరికి తిరిగివచ్చుదురు గాక. ఆనాడు వారి జీతమెంతయని అడుగుటకు ముందు, దప్పిక తీర్చుకొమ్మని చెంబెడు నీళ్లిచ్చు ఊరు వారికి ఇక్కడ ఉండును గాక.